కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు: తర్వాత మార్చుకోగలిగేవి ఏవి, మార్చుకోలేనివి ఏవి

మా మేనల్లుడు ఇంజినీరింగ్‌లో చేరిన ఏడాది వాడికి ల్యాప్‌టాప్ ఎంపిక చేసే బాధ్యత నా మీద పడింది. 8 జీబీ ర్యామ్ (తెరిచి ఉంచిన పనులను పట్టి ఉంచే తాత్కాలిక మెమొరీ) ఉన్న ఒక సన్నని మోడల్‌ను తీసుకున్నాం. ర్యామ్ చాలకపోతే తర్వాత పెంచుకోవచ్చని దుకాణంలో చెప్పిన మాట నమ్మి, మిగిలిన డబ్బును టచ్ స్క్రీన్ మీద పెట్టాం. మూడో సెమిస్టర్‌కు వచ్చేసరికి, ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచిన ప్రతిసారీ అది మొరాయించడం మొదలైంది. సర్వీసు సెంటర్‌లో కుర్రాడు అడుగు మూత విప్పి, మదర్‌బోర్డు మీద వరుసగా ఉన్న గోరంత నల్లని చిప్పులను చూపించి, “సార్, ఇందులో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసేశారు, స్లాటే లేదు” అన్నాడు. ఆ టచ్ స్క్రీన్‌ను మావాడు ఏనాడూ వాడలేదు. లేని ర్యామ్ కోసం మాత్రం అప్పటి నుంచి చదువు ముగిసేదాకా ఇబ్బంది పడ్డాడు.

ఆ రోజు నుంచి ఎవరు సలహా అడిగినా ముందు ఒక కాగితం తీసుకుని నిలువుగా గీత గీయమంటున్నాను. ఎడమవైపు, కొన్న తర్వాత మార్చుకోలేనివి రాయాలి: ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్, స్క్రీన్, కీబోర్డు, బాడీ, మూతను కలిపి ఉంచే హింజ్‌లు, పోర్టులు, బోర్డుకు సోల్డర్ చేసిన ర్యామ్. కుడివైపు, తర్వాత మార్చుకోగలిగేవి రాయాలి: ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే, తిరిగే భాగాలు లేని చిప్పుల డ్రైవు), స్లాటులో కూర్చునే ర్యామ్, బ్యాటరీ, చాలా మోడళ్లలో వై-ఫై కార్డు. చేతిలో ఉన్న డబ్బును ముందుగా ఎడమవైపు ఖర్చు పెట్టాలి, కుడివైపు వాటికి అవసరం వచ్చినప్పుడు పెట్టుకోవచ్చు. ప్రకటనలు మాత్రం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటాయి. ఒక టీబీ స్టోరేజీని పెద్ద అక్షరాల్లో వేసి, స్క్రీన్ నాణ్యతను ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లోకి నెట్టేస్తాయి. కింది అడుగులన్నీ ఈ కాగితాన్ని సరిగ్గా నింపుకోవడానికే.

మొదటి అడుగు: ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను పరీక్షించడం

కొత్తది కొనాలా వద్దా అన్నది తేల్చుకోకుండా ఏది కొనాలో ఆలోచించడం తొందరపాటు. 2018, 2019 ప్రాంతాల్లో కొన్న చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ ఇప్పటికీ పనికొచ్చేదే. వాటిని నెమ్మదింపజేస్తున్నది హార్డ్ డిస్క్. తిరిగే పళ్లెం ఉన్న హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 ఎంబీ చదువుతుంది. అదే స్థానంలో అమర్చే మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ 500 ఎంబీకి పైగా చదువుతుంది. చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను వెతికి తీయడంలో ఈ రెండింటి మధ్య తేడా ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ, విండోస్ తెరుచుకునేటప్పుడు జరిగేది అదే పని. మా ఇంట్లో ఎనిమిదో తరం ఐ5 ఉన్న ఒక పాత యంత్రానికి ఎస్‌ఎస్‌డీ వేసి, 4 జీబీ ర్యామ్‌ను 12 జీబీ చేయించాక, ఇంటి లెక్కలకు, ఆన్‌లైన్ తరగతులకు అది హాయిగా పనిచేస్తోంది.

అయితే ఇక్కడ ఒక హద్దు ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, వ్యక్తిగత వినియోగదారులు నమోదు చేసుకుంటే వచ్చే అదనపు భద్రతా అప్‌డేట్ల గడువు 2026 అక్టోబరు 13. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా భాగంతో పాటు, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో దాదాపుగా రైజెన్ 3000 వరుస నుంచి పైకి ఉన్న ప్రాసెసర్ కావాలి. మీ యంత్రం ఆ గీతకు ఇవతల ఉందో అవతల ఉందో మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఒక్క నిమిషంలో చెబుతుంది. ఇవతల, అంటే విండోస్ 11కు అర్హత ఉంటే, ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ వేయించుకుని మరో రెండేళ్లు నడపవచ్చు. అవతల ఉంటే దాని మీద డబ్బు పెట్టడం నాకు సబబుగా తోచదు. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాడటానికి సిద్ధపడినవారు మాత్రం దానికి మినహాయింపు.

హింజ్ విరిగి, బ్యాటరీ ఉబ్బి, కీబోర్డులో నాలుగు కీలు పనిచేయని యంత్రానికి మరమ్మతులు చేయించుకుంటూ పోతే చివరికి అతుకుల బొంతే మిగులుతుంది. అలాంటప్పుడు కొత్తదే కొనాలి. ఉబ్బిన బ్యాటరీ ఉన్న యంత్రాన్ని మాత్రం ఒక్క రోజు కూడా వాడకూడదు. అది మంటలంటుకునే ప్రమాదం.

రెండో అడుగు: చేసే పనిని పేరుపేరునా రాసుకోవడం

“పిల్లల చదువుకు”, “ఆఫీసు పనికి” అని రాసుకుంటే ఏమీ తేలదు. వాడబోయే సాఫ్ట్‌వేర్ల పేర్లు రాయాలి. ఖాతాలు రాసే ట్యాలీ, ఇంజినీరింగ్ డ్రాయింగులు గీసే సాలిడ్‌వర్క్స్, రెవిట్ వంటివి విండోస్ కోసం చేసినవి. వాటి మీద బతికేవారు ఆపిల్ మ్యాక్‌బుక్ అందానికి, బ్యాటరీకి ఆకర్షితులై కొంటే మొదటి వారంలోనే చిక్కులో పడతారు. కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి ఆండ్రాయిడ్ స్టూడియో అవసరం పడుతుంది. దానికి ఒక్కదానికే కనీసం 8 జీబీ, ఫోన్‌ను తెర మీద అనుకరించే ఎమ్యులేటర్ కూడా నడిపితే కనీసం 16 జీబీ ర్యామ్ కావాలని గూగులే చెబుతోంది. మెకానికల్, సివిల్ విద్యార్థులకు త్రీడీ డ్రాయింగుల కోసం విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉంటే మేలు. ఆడిటర్లకు, జీఎస్టీ రిటర్నులు వేసేవారికి డిజిటల్ సంతకపు టోకెన్ గుచ్చడానికి పాత తరహా యూఎస్‌బీ-ఏ పోర్టు కావాలి. సన్నదనం కోసం అన్నీ యూఎస్‌బీ-సీ పోర్టులే ఇచ్చిన మోడల్ కొంటే, రిటర్ను చివరి తేదీ నాడు కన్వర్టర్ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. ట్యాలీలో రోజంతా అంకెలు కొట్టేవారికి కుడివైపు నంబర్ ప్యాడ్ లేని 14 అంగుళాల యంత్రం చేతికి భారమే.

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థి తల్లిదండ్రులకు ఒక మాట. చాలా కళాశాలల్లో మొదటి సెమిస్టర్ పనులకు కాలేజీ ల్యాబ్, ఇంట్లో ఉన్న యంత్రం సరిపోతాయి. బ్రాంచి ఖరారై, సీనియర్లు ఏ సాఫ్ట్‌వేర్లు వాడుతున్నారో తెలుసుకున్నాక కొంటే ఎంపిక సరిగ్గా ఉంటుంది. కౌన్సెలింగ్ జరుగుతుండగానే కొనేయడం ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

మూడో అడుగు: ర్యామ్ ఎంత అన్నదానికన్నా ఎలా అమర్చారన్నది ముందు చూడటం

ఈ రోజు విండోస్ ల్యాప్‌టాప్ కొనేవారు 16 జీబీకి తక్కువ తీసుకోవద్దనే నేను గట్టిగా చెబుతాను. విడి గ్రాఫిక్స్ లేని యంత్రాల్లో బొమ్మ చూపించే పనికి కూడా ర్యామ్ నుంచే కొంత పోతుంది. విండోస్ వాటా, బ్రౌజర్‌లో పది ట్యాబులు, ఒక వీడియో కాల్ కలిస్తే 8 జీబీ నిండిపోవడానికి ఎంతో సేపు పట్టదు. నిండిన తర్వాత మిగిలిన భారం ఎస్‌ఎస్‌డీ మీద పడి, మౌస్ కదలడానికి కూడా తటపటాయిస్తుంది.

ఎంత అన్నది తేలాక ఎలా అన్నది చూడాలి. ఇందులో మూడు రకాలున్నాయి. రెండు స్లాట్లు ఉండి, రెంటిలోనూ మనమే ర్యామ్ వేసుకోగలిగేది మొదటి రకం, ఇదే అన్నిటికన్నా మంచిది. కొంత బోర్డుకు సోల్డర్ చేసి, ఒక స్లాటు ఖాళీగా ఉంచేది రెండో రకం. మధ్యతరగతి మోడళ్లలో ఇది కనిపిస్తుంటుంది, పరవాలేదు. మొత్తం సోల్డర్ చేసేది మూడో రకం. వివరాల్లో ఎల్‌పీడీడీఆర్ అన్న మాటతో మొదలయ్యే మెమొరీ ఉంటే, అతి కొద్ది మోడళ్లలో తప్ప, అది సోల్డర్ చేసినదేనని అర్థం చేసుకోవచ్చు. ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ వరుసలోనైతే మెమొరీ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది, 16 లేదా 32 జీబీ, అంతే. ఆపిల్ మ్యాక్‌బుక్‌లలో కూడా కొన్న రోజు ఎంత ఉంటే చివరి వరకు అంతే. ఇలాంటి వాటిలో విద్యుత్తు ఆదా, వేగం నిజంగానే ఉన్నాయి కాబట్టి అవి చెడ్డవని కాదు, కాకపోతే ఐదేళ్ల అవసరాన్ని ఊహించుకుని మొదటి రోజే కొనాలి.

దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన యంత్రం మీదే దీన్ని తేల్చుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ విభాగానికి వెళ్లి మెమొరీ అన్నదాన్ని నొక్కితే, కింద “స్లాట్స్ యూజ్డ్” అన్న వరుస, దాని పక్కనే “ఫార్మ్ ఫ్యాక్టర్” అన్న వరుస కనిపిస్తాయి. ఫార్మ్ ఫ్యాక్టర్ ఎదురుగా “ఎస్ఓడిమ్” అని ఉంటే విప్పి మార్చుకోగలిగే ర్యామ్ ఉన్నట్టు. “రో ఆఫ్ చిప్స్” అని ఉంటే సోల్డర్ చేసినట్టు. ఇక్కడ పొరబడే చోటు ఒకటి ఉంది: సోల్డర్ చేసిన యంత్రాల్లో కూడా స్లాట్స్ యూజ్డ్ దగ్గర “8 ఆఫ్ 8” వంటి అంకెలు కనిపించవచ్చు. అవి స్లాట్లు కావు, చిప్పులు. తుది నిర్ధారణ కోసం కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూడాలి. ఎంత వరకు పెంచవచ్చో, ఎన్ని స్క్రూలు విప్పాలో కూడా అందులో ఉంటుంది.

ఒకటే 8 జీబీ ఉన్న యంత్రానికి మరో 8 జీబీ జోడిస్తే పరిమాణంతో పాటు వేగం కూడా పెరుగుతుంది. రెండు దారుల్లో ఒకేసారి సమాచారం వెళ్లే డ్యూయల్ చానల్ పద్ధతి అప్పుడే పనిచేస్తుంది. ఇంటెల్ 11 నుంచి 13వ తరం యంత్రాల్లో ఈ తేడా కంటికి కూడా కనిపిస్తుంది: ఒకే ర్యామ్ ఉన్నప్పుడు గ్రాఫిక్స్ పేరు యూహెచ్‌డీ అని చూపి, రెండోది వేయగానే ఐరిస్ ఎక్స్ఈ అని మారే మోడళ్లు ఎన్నో ఉన్నాయి. డీడీఆర్4 రకం ర్యామ్ స్లాటులో డీడీఆర్5 రకం కూర్చోదు కాబట్టి కొనేముందు రకాన్ని చూసుకోవాలి.

“తక్కువ ర్యామ్‌తో కొని తర్వాత బయట చవకగా వేయించుకోవాలి” అన్న పాత లెక్కను మాత్రం ఇప్పుడు మళ్లీ వేసుకోవాలి. మెమొరీ తయారీదారులు ఏఐ సర్వర్ల వైపు మొగ్గడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. రెండు మోడళ్ల మధ్య తేడా ఎంత, విడిగా ర్యామ్ కొంటే ఎంత అన్నది కొనే రోజునే అడిగి పోల్చుకోవాలి. స్లాటు ఉండటం ఎప్పుడూ లాభమే, దాన్ని ఎప్పుడు నింపాలన్నది ఆ రోజు ధర తేలుస్తుంది.

నాలుగో అడుగు: ప్రాసెసర్ పేరును అక్షరం అక్షరం చదవడం

“ఐ5 కావాలి”, “ఐ7 అయితే ఇంకా మంచిది” అని అడగడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటును ఆసరా చేసుకునే చాలా అమ్మకాలు జరుగుతున్నాయి. పేరులో 5, 7 అన్న అంకెలకన్నా తర్వాత వచ్చే అంకెలు, చివరి అక్షరం ఎక్కువ చెబుతాయి.

ఇంటెల్‌లో ఐ5-1235యూ అంటే మొదటి 12 తరాన్ని, చివరి యూ తక్కువ విద్యుత్తుతో నడిచే రకాన్ని సూచిస్తాయి. చివర హెచ్ ఉంటే ఎక్కువ విద్యుత్తు తీసుకుని ఎక్కువ సేపు వేగంగా పనిచేసే రకం. ఒక ఉదాహరణ చూడండి: ఐ7-1255యూలో బలమైన కోర్లు (లెక్కలు చేసే భాగాలు) రెండే, ఐ5-12450హెచ్‌లో నాలుగు. గంటల తరబడి వీడియో ఎడిట్ చేసేవారికి, పెద్ద ప్రోగ్రాములు కంపైల్ చేసేవారికి ఆ ఐ5 మెరుగు. రోజంతా బ్యాటరీ మీద తిరుగుతూ రాతకోతలు చేసుకునేవారికి యూ రకం మేలు. 2023 డిసెంబరు నుంచి ఇంటెల్ ఐ అన్న అక్షరాన్ని వదిలేసి కోర్ అల్ట్రా, కోర్ అని పేర్లు పెడుతోంది. “అల్ట్రా” లేని కోర్ 5 120యూ వంటివి పేరుకు కొత్తవే గానీ లోపలి నిర్మాణం 13వ తరానిదే. ధర తగ్గితే అవి మంచి బేరమే, కొత్త సాంకేతికత అని ఎక్కువ ధర చెబితే మాత్రం తీసుకోకూడదు.

ఏఎండీ రైజెన్ 7000 వరుసలో అసలు కీలకం మూడో అంకెలో ఉంది. 7520యూలో ఆ అంకె 2, అంటే 2019లో వచ్చిన జెన్ 2 నిర్మాణం, నాలుగు కోర్లు. 7530యూలో అది 3, అంటే జెన్ 3, ఆరు కోర్లు. 7640యూలో అది 4, అంటే జెన్ 4. మూడింటి పెట్టెల మీదా “రైజెన్ 5 7000 సిరీస్” అనే రాసి ఉండవచ్చు, వేగంలో మాత్రం తేడా చాలా ఎక్కువ. పైగా 7520యూ ఉన్న యంత్రాల్లో ర్యామ్ సోల్డర్ చేసే వస్తుంది. దాన్ని 8 జీబీతో కొంటే రెండు తలుపులూ ఒకేసారి మూసుకున్నట్టే.

అమ్మేవారు “ఐ5 12వ తరం” అని చెప్పి ఆపేస్తే, పూర్తి పేరు రాసి ఇమ్మని అడగాలి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

ఐదో అడుగు: స్క్రీన్‌ను తెలుగు అక్షరాలతో పరీక్షించడం

ఎక్కువ మంది అతి తక్కువ శ్రద్ధ పెట్టేది స్క్రీన్ మీద, కానీ రోజూ గంటల తరబడి కళ్లు పెట్టుకుని కూర్చునేది దాని ముందే. 15.6 అంగుళాల స్క్రీన్‌లో 1366×768 పిక్సెళ్లు ఉంటే అంగుళానికి సుమారు 100 చుక్కలు పడతాయి. అదే కొలతలో 1920×1080 ఉంటే 141. ఇంగ్లిషు అక్షరాలకు ఈ తేడా కొంత ఓర్చుకోదగ్గదే గానీ, మన లిపికి కాదు. దుకాణంలో ఏదైనా తెలుగు పత్రిక వెబ్‌సైట్ తెరిచి, మామూలు పరిమాణంలో “స్త్రీ”, “రాష్ట్రం”, “లక్ష్మి” వంటి మాటలు ఉన్న వాక్యాన్ని చేతి దూరం నుంచి చదివి చూడాలి. తలకట్టు, గుడి, కింద ఒత్తు వేటికవి విడిగా కనబడాలి. సున్నా పక్కన ఉన్న అక్షరంతో కలిసిపోయి, ఒత్తులు మసి మచ్చల్లా కనిపిస్తే ఆ స్క్రీన్ మీద తెలుగు చదవడం, రాయడం కళ్లకు శిక్ష. తెలుగులో పనిచేసే పంతుళ్లు, విలేకరులు, డీటీపీ చేసేవారు ఈ ఒక్క పరీక్ష తప్పకుండా చేయాలి.

తర్వాత వివరాల పట్టికలో మూడు విషయాలు చూడాలి. ప్యానెల్ ఐపీఎస్ రకమైతే పక్క నుంచి చూసినా రంగులు మారవు. టీఎన్ అయితే తల కొంచెం వంచగానే బొమ్మ వెలిసిపోతుంది. వెలుతురును నిట్స్‌లో కొలుస్తారు: 250 నిట్స్ గది లోపలికి సరిపోతుంది, కిటికీ పక్కనో వరండాలోనో కూర్చునే అలవాటుంటే 300కు పైన కావాలి. స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదన్న కొలతలో “45 శాతం ఎన్‌టీఎస్‌సీ” అని ఉంటే ఎరుపు ఇటుక రంగులా, పసుపు పాలిపోయినట్టు కనిపిస్తాయి. ఫొటోలు, డిజైన్లు, చీరల ఆన్‌లైన్ వ్యాపారం చేసేవారు “100 శాతం ఎస్ఆర్‌జీబీ” అన్న మాట ఉన్నదే తీసుకోవాలి. లేకపోతే వారు చూసిన రంగు ఒకటి, కొన్నవారికి అందే రంగు మరొకటి అవుతుంది. పొడవు ఎక్కువున్న 1920×1200 స్క్రీన్‌లో కిందకి మరో 120 వరుసల పిక్సెళ్లు దక్కుతాయి. రాతపనికి, కోడింగుకు ఇది నిజమైన సౌకర్యం.

ఆరో అడుగు: స్టోరేజీ, గ్రాఫిక్స్

స్టోరేజీ విషయం త్వరగా తేలిపోతుంది. 512 జీబీ ఎన్‌వీఎంఈ (సాటా కన్నా వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ ఉంటే మొదలుపెట్టడానికి చాలు. విండోస్‌లో అది 476 జీబీగా కనిపిస్తే మోసం జరిగిందని కంగారు పడనక్కరలేదు, లెక్కించే పద్ధతిలో తేడా అది. ఇంకో ఎస్‌ఎస్‌డీ అమర్చడానికి ఖాళీగా మరో ఎం.2 స్లాటు ఉందా లేదా అన్నది మాత్రం అడగాలి. బాగా చవకైన యంత్రాల్లో 64 జీబీ, 128 జీబీ ఈఎంఎంసీ స్టోరేజీ ఉంటుంది. అది బోర్డుకు సోల్డర్ చేసినది, నెమ్మది కూడా, కాబట్టి ఆ దిక్కుకే వెళ్లవద్దు.

గ్రాఫిక్స్ చిప్ ఎడమ గడిలోది, తర్వాత మార్చలేం. కాబట్టి కావాలో వద్దో ముందే తేల్చుకోవాలి. కావాల్సింది గేమ్స్ ఆడేవారికి, త్రీడీ డ్రాయింగులు చేసేవారికి, వీడియో ఎడిటింగు వృత్తిగా ఉన్నవారికి. మెషీన్ లెర్నింగ్ నేర్చుకుంటారు కాబట్టి గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలని కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు తల్లిదండ్రులను ఒప్పించడం చూస్తుంటాను. నేర్చుకునే దశకు గూగుల్ కొలాబ్, కాగుల్ వెబ్‌సైట్లు ఉచితంగా ఇచ్చే గ్రాఫిక్స్ శక్తి సరిపోతుంది. కొనాలనే నిర్ణయించుకుంటే చిప్ పేరుతో పాటు దానికి ఎన్ని వాట్ల విద్యుత్తు ఇస్తున్నారో చూడాలి. ఆర్‌టీఎక్స్ 4050 అన్న ఒకే పేరుతో 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు అమర్చే వీలుంది, తక్కువ వాట్లు ఇచ్చిన సన్నని యంత్రం ఎక్కువ వాట్లు ఇచ్చిన లావు యంత్రానికి సాటి రాదు. గేమింగ్ యంత్రం బరువు, చార్జర్ బరువు కలిపి రోజూ బస్సులో మోయాల్సింది విద్యార్థేనని కూడా గుర్తుంచుకోవాలి.

ఏడో అడుగు: చేత్తో పట్టుకుని చూడటం

ఆన్‌లైన్‌లో కొనదలచినా అదే మోడల్‌ను ఒకసారి దుకాణంలో తాకి చూడటం అవసరం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల ఒక్క పూటలో ఎన్నో మోడళ్లు చూడవచ్చు. మూతను నెమ్మదిగా పూర్తిగా తెరిచి మూయండి. మూత తెరుస్తున్నప్పుడు హింజ్ మరీ బిగుతుగా ఉండి, దాని దగ్గర ప్లాస్టిక్ కొద్దిగా పైకి లేచినట్టనిపిస్తే ఆ మోడల్‌ను వదిలేయండి. హింజ్ స్క్రూలను పట్టి ఉంచే ప్లాస్టిక్ గూళ్లు రెండు మూడేళ్లకు విరిగిపోవడం, ఆ తర్వాత మూత, ఒక్కోసారి స్క్రీన్ కూడా మార్చాల్సి రావడం సర్వీసు సెంటర్లలో రోజూ చూసే జబ్బు. కీబోర్డు మధ్యలో వేలితో నొక్కి చూడండి, లోపలికి కుంగకూడదు. లైటు లేని కీబోర్డుకు తర్వాత లైటు పెట్టించుకోవడం చాలా మోడళ్లలో కుదరదు.

వేడి గాలి ఎటు నుంచి బయటికి పోతుందో వెనక్కి తిప్పి చూడాలి. రెంటచింతల, రామగుండం ఎండల్లో ఏసీ లేని గదిలో వాడే యంత్రానికి గాలి దారులు బాగుండటం అందం కన్నా ముఖ్యం. లోపలి వేడి ఎక్కువైనప్పుడు ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అప్పుడు మనం డబ్బు పోసి కొన్న హెచ్ అక్షరానికి విలువ ఉండదు.

బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందన్న ప్రకటనను పక్కన పెట్టి, వాట్-అవర్లు చూడాలి. 42 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న యంత్రం సగటున 7 వాట్లు వాడితే ఆరు గంటలు, 15 వాట్లు వాడితే మూడు గంటల లోపు వస్తుంది. యూఎస్‌బీ-సీ పోర్టు ద్వారా చార్జింగ్ అవుతుందా అని అడగండి. అయితే చార్జర్ పాడైన రోజు తగిన వాట్లు ఇచ్చే ఫోన్ చార్జరో పెద్ద పవర్ బ్యాంకో ఆదుకుంటుంది. కరెంటు కోతలున్న ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఎక్కువగా ప్లగ్‌కు తగిలించే వాడేవారు, చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉందో లేదో చూసుకుంటే బ్యాటరీ ఎక్కువ ఏళ్లు మన్నుతుంది.

ఏఐ ముద్ర గురించి ఒక్క మాట. 2024 మే నెలలో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన కోపైలట్ ప్లస్ పీసీ అన్న గుర్తుకు, సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ఎన్‌పీయూ (ఏఐ పనుల కోసం ఉండే చిప్ భాగం), 16 జీబీ ర్యామ్ తప్పనిసరి. ఆ గుర్తు ఉన్న యంత్రాలు సాధారణంగా మంచివే. కానీ చాట్‌బాట్లు వాడటానికి అది అవసరం లేదు, అవి ఇంటర్నెట్‌లో వేరే సర్వర్ల మీద నడుస్తాయి. ఆ ఒక్క ముద్ర కోసం స్క్రీన్‌లోనో ర్యామ్‌లోనో రాజీ పడమని నేను ఎవరికీ చెప్పను.

ఎనిమిదో అడుగు: బేరం, బిల్లు, వారంటీ

ఇప్పుడు కాగితం నిండి ఉంటుంది. రెండు మూడు మోడళ్లు మిగిలితే, ఎడమ గడి దేనిది బలంగా ఉందో దాన్ని ఎంచుకోవాలి. ఉదాహరణకు రూ.55 వేల లోపు రెండు యంత్రాలు నిలిచాయనుకుందాం: ఒకటి ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ స్క్రీన్, సోల్డర్ చేసిన 8 జీబీ ర్యామ్ ఉన్నది, రెండోది 512 జీబీ, 100 శాతం ఎస్ఆర్‌జీబీ స్క్రీన్, 8 జీబీ ర్యామ్‌తో పాటు ఒక ఖాళీ స్లాటు ఉన్నది. వెంటనే 16 జీబీ చేయించుకునే డబ్బు లేకపోయినా నేను రెండోదాన్నే తీసుకుంటాను. దానికి లేనివి రేపు చేర్చుకోవచ్చు. మొదటిదానికి ఆ దారి లేదు.

ల్యాప్‌టాప్ ధరలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది. వ్యాపారం ఉన్నవారు తమ జీఎస్టీ నంబరు వేయించుకుంటే ఇన్‌పుట్ క్రెడిట్ పొందవచ్చు. బిల్లు లేకుండా తగ్గింపు ఇస్తామంటే ఒప్పుకోవద్దు, వారంటీకీ ఫిర్యాదుకూ ఆ బిల్లే ఆధారం. బిల్లు మీద సీరియల్ నంబరు ఉండాలి. ర్యామ్ పెంచడానికి మూత విప్పితే వారంటీ పోతుందా అన్న ప్రశ్నకు కంపెనీని బట్టి జవాబు మారుతుంది కాబట్టి, దుకాణంవారి నోటి మాట మీద ఆధారపడకుండా కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ రాసి జవాబును దాచుకోవాలి. అదనపు వారంటీకి డబ్బు పెట్టగలిగితే, హాస్టల్‌లో ఉండే పిల్లలకు కింద పడినా నీళ్లు ఒలికినా వర్తించే రకం తీసుకోవడం మంచిది, ఎందుకంటే మామూలు వారంటీ వాటికి వర్తించదు.

అమెరికా నుంచి వచ్చే అన్నయ్యనో అక్కనో తెమ్మనడం మన ఇళ్లలో మామూలే. 18 ఏళ్లు దాటిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్‌ను కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. చార్జర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే ప్లగ్ మార్చుకుంటే సరిపోతుంది. అయితే అక్కడ కొన్న యంత్రానికి భారతదేశంలో వారంటీ ఉందో లేదో ఆ మోడల్ పేరుతో ముందే తేల్చుకోవాలి. లేకపోతే ధరలో మిగిలింది మొదటి మరమ్మతులోనే పోతుంది.

తొమ్మిదో అడుగు: ఇంటికి తెచ్చాక మొదటి వారం

విండోస్‌ను, దానితో వచ్చిన ఆఫీస్‌ను మీ సొంత మెయిల్ ఐడీతోనే యాక్టివేట్ చేసుకోవాలి. దుకాణంలో “మేమే చేసి ఇస్తాం” అని వారి ఐడీ వాడితే ఆఫీస్ లైసెన్సు ఆ ఖాతాకే అతుక్కుపోతుంది, తర్వాత యంత్రాన్ని ఫార్మాట్ చేసిన రోజు అది మీ చేతికి రాదు. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్, ప్రాసెసర్ పూర్తి పేరు, ఎస్‌ఎస్‌డీ పరిమాణం బిల్లుతో సరిచూసుకోవాలి. స్క్రీన్‌ను పూర్తిగా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులతో నింపి, వెలగని చుక్కలు ఉన్నాయేమో చీకటి గదిలో చూడాలి. ప్రతి కీ నొక్కి, ప్రతి పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి, కెమెరాలో మాట్లాడి, హెడ్‌ఫోన్స్ తగిలించి పరీక్షించాలి. కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి వారంటీ ప్రారంభ తేదీ మీరు కొన్న తేదీయేనా అని చూడాలి. అంతకు నెలల ముందే మొదలైనట్టు ఉంటే బిల్లు పంపి సరిచేయించుకోవాలి. తేడా ఏదైనా కనిపిస్తే మొదట దుకాణానికి రాతపూర్వకంగా తెలియజేయాలి. వారు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

మార్పిడి గడువు ముగిసేవరకు పెట్టెనూ లోపలి అట్టలనూ పారేయవద్దు. బిల్లునూ, యంత్రం అడుగున ఉన్న సీరియల్ నంబరు స్టిక్కరునూ ఫొటో తీసి మీ మెయిల్‌కు పంపుకోండి. బిల్లు కాగితం మీద అచ్చు ఏడాది తిరిగేసరికి వెలిసిపోతుంది, వారంటీ పని సాధారణంగా పడేది అప్పుడే.